ఫోర్క్ కుదరడం లేదు

రాత్రి రెండు. ఫోన్ ఆగకుండా మోగుతోంది. ల్యాప్‌టాప్ తెరుస్తారు. లైనక్స్ సర్వర్‌లో సాయంత్రం తెరిచిన పైథాన్ ప్రాంప్ట్ అలాగే ఉంది. దాన్ని మాత్రం మూయకండి.

పక్క విండోలో పీఎస్ కొడతారు. ఫోర్క్ కుదరలేదంటుంది. ఫ్రీ కొడతారు. అదే జవాబు. కొత్తగా లాగిన్ అవుదామన్నా కావడం లేదు. రూట్ అధికారం మీకు లేదు. మరి నిఘా స్క్రిప్ట్ ఏం చేస్తోంది? చచ్చి పడి ఉంది. అది సబ్‌ప్రాసెస్‌తో డీఎఫ్‌ని, ఫ్రీని పిలిచేది. బయటి కమాండ్ నడవాలంటే ముందు కొత్త ప్రాసెస్ పుట్టాలి. మీ యూజర్‌కున్న ప్రాసెస్‌ల పరిమితి నిండిపోయింది. ఎర్రర్ 11. సరిగ్గా అవసరమైన వేళకే కళ్లు పోయాయి.

పైథాన్ ప్రాంప్ట్‌కి రండి. ఇది ముందే పుట్టిన ప్రాసెస్. ఇంకొకదాన్ని పుట్టించే పని లేదు.

ఓఎస్.గెట్‌లోడ్‌ఏవీజీ. ఎంటర్. మూడు అంకెలు: గడిచిన 1, 5, 15 నిమిషాల సగటు లోడ్. మొదటిదే అన్నిటికన్నా పెద్దది. అంటే ఇంకా పెరుగుతోంది. షుటిల్.డిస్క్_యూసేజ్. డిస్కులో చోటుంది, బతికించింది. /ప్రాక్/మెమ్‌ఇన్ఫో తెరిచి మెమ్‌అవైలబుల్ లైను చూస్తారు. మళ్లీ చూస్తారు. తగ్గిపోతోంది.

ఆ ఫైలు డిస్కులో ఎక్కడా ఉండదు. మీరు చదివినప్పుడల్లా కెర్నెల్ అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది. ఫ్రీ కమాండ్ చూపించే అంకెలూ ఇక్కడివే.

ఎవరు తింటున్నారు? /ప్రాక్ మీద ఓఎస్.లిస్ట్‌డిర్. పేరు అంకెల్లో ఉన్న ప్రతి ఫోల్డరూ ఒక ప్రాసెస్. ఒక్కోదాని స్టేటస్ ఫైలు చదివే చిన్న లూప్ రాస్తారు. వందల లైన్లు జారిపోతాయి. అన్నిటికీ పేరెంట్ ఒకటే. మీ బ్యాకప్ స్క్రిప్ట్.

చైల్డ్‌లను చంపుతారా? పేరెంట్ మళ్లీ పుట్టిస్తుంది. పేరెంట్‌నే చంపుతారా? చైల్డ్‌లు ఇనిట్ పంచన చేరి బతికేస్తాయి.

ముందు పేరెంట్‌ని ఆపండి. ఓఎస్.కిల్. సిగ్‌స్టాప్.

ఆగింది.

ఇప్పుడు చైల్డ్‌లు. సిగ్‌కిల్. చివరికి పేరెంట్.

పీఎస్ కొట్టండి. పలికింది.

పడుకోబోయే ముందు నిఘా స్క్రిప్ట్‌ని తిరగరాయండి. క్రాన్ లేపితే లేచేలా పెట్టకండి, అలా లేవడానికీ ఫోర్క్ కావాలి. ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. బయటి కమాండ్ ఒక్కటీ వద్దు. ప్లాట్‌ఫామ్.ప్రాసెసర్‌నీ నమ్మకండి: పైథాన్ సొంత లైబ్రరీలోదే అయినా, లైనక్స్‌లో అది లోపల యూనేమ్ కమాండ్‌ని పిలుస్తుంది.