భట్టిప్రోలు ధాతువు – కలకత్తా విహారంలో వైశాఖ పూర్ణిమ

వైశాఖ పూర్ణిమ అనగానే మనకు కూర్మ జయంతి, అన్నమాచార్య జయంతి స్ఫురణకు వచ్చును. బుద్ధ భగవానుని జననం, జ్ఞానోదయం, పరినిర్వాణం మూడునూ ఈ పున్నమినాడే జరిగినవని బౌద్ధుల విశ్వాసం. కలకత్తా నగరంలో కాలేజీ స్క్వేరు చెంతనున్న శ్రీ ధర్మరాజిక చైత్య విహారంలో ఆనాడు జరిగే పూజకు, మన కృష్ణా తీరానికి గల బంధుత్వం మాత్రం మనలో చాలామంది ఎరుగరు.

ఆ బంధుత్వానికి మూలం నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు. అక్కడి మహాస్తూపం పాడుబడగా దాని ఇటుకలను రోడ్లకు సైతం వాడుకొన్నారు. మిగిలిన దిబ్బను ఊరివారు ఏ పేరుతో పిలిచెడివారో ఈ సంచికలో అచ్చువేయుట మర్యాద కాదు. 1892లో అలెగ్జాండర్ రీ ఆ దిబ్బను త్రవ్వించగా మూడు రాతి కరండములు బయల్పడినవి. వాటిలో స్ఫటికపు భరిణెలు, వాటిపై బ్రాహ్మీ శాసనములు. పండితులు వాటిని క్రీస్తు పూర్వం మూడు, రెండు శతాబ్దుల నాటివిగా భావించిరి.

ఆలయ నిర్మాణంలో పాలుపంచుకొనే మనవంటివారు ఆ శాసనములను ప్రత్యేకంగా గమనింపవలెను. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అనువారు కలసి బుద్ధ శరీర ధాతువులను నిక్షేపించుటకు మంజూషను, స్ఫటిక భరిణెను చేయించినట్లు ఒక శాసనం చెప్పుచున్నది. ‘సింహగోష్ఠి’ అను సంఘం, దానికి ప్రముఖుడైన కుబీరక రాజు, సభ్యుల పేర్లు కూడా కానవచ్చును. రాజు పేరు ఒక్కటే చెక్కి ఊరుకొనలేదు! ఇప్పటి దాతల ఫలకాన్ని చూచినట్లే ఉండును. రెండువేల సంవత్సరములకు పూర్వం కూడా ఊరి గుడి పదిమంది చందాతోనే లేచినది.

ఆ కరండములు మదరాసు మ్యూజియానికి చేరినవి. సింహళ దేశీయుడైన అనగారిక ధర్మపాలుడు 1891లో స్థాపించిన మహాబోధి సొసైటీ కలకత్తాలో తగిన విహారమును నిర్మించినచో ధాతువును అప్పగింతుమని ప్రభుత్వం తెలిపినది. 1893లో చికాగో సర్వమత మహాసభ నుండి తిరిగివచ్చుచు ధర్మపాలుడు హొనలూలూ రేవులో కలిసికొన్న మేరీ ఫోస్టర్ అను మహిళ ఇచ్చిన విరాళమే ఆ నిర్మాణానికి ప్రధానాధారం. 1920 నవంబరులో బెంగాలు గవర్నరు లార్డ్ రొనాల్డ్‌షే చేతులమీదుగా సర్ ఆశుతోష్ ముఖర్జీ ఆ ధాతువును స్వీకరించగా, ఊరేగింపుగా తెచ్చి అజంతా చైత్యముఖాన్ని తలపించే ఆ విహారంలో ప్రతిష్ఠించిరి.

అది మొదలు వైశాఖ పూర్ణిమ అక్కడ పెద్ద పండుగ. తెల్లని వస్త్రములు ధరించిన ఉపాసకులు పాళీ భాషలో పంచశీలమును స్వీకరింతురు. కొందరు అష్టశీలమును గ్రహించి మధ్యాహ్నం దాటిన పిమ్మట భుజింపరు. పుష్పములు, దీపములు సమర్పించి భిక్షువులకు దానమిత్తురు. సభలలో బౌద్ధులు కాని పెద్దలకు సైతం స్థానముండెడిది. 1925 మే నెలలో గాంధీజీ బుద్ధ జయంతి సందర్భమున కలకత్తాలో ప్రసంగించిరి. 1935 మే 18న రవీంద్రనాథ ఠాకూరు ఈ విహారంలోనే బుద్ధదేవుని గూర్చి ఉపన్యసించిరి.

మన నేలలో దొరికిన ధాతువు పరాయి నగరమునకు పోయినదే అని నొచ్చుకొనువారు కలరు. ఆ నొప్పిలో న్యాయమున్నది. ఆనాడు భట్టిప్రోలులో దానిని కొలుచుటకు సంఘం లేదు, భిక్షువు లేడు. మ్యూజియం అలమరలో చీటీ కట్టిన వస్తువై ఉండుటకంటె, ఎక్కడైనను దీపం ముందు ఉండుటయే మేలని నా అభిప్రాయం. అయితే ఆ ధాతువును నిక్షేపించిన కురుని కుటుంబం పేరు విహారానికి వచ్చిపోయే యాత్రికునికి చెప్పేవారెవరు? ఆ బాధ్యత మనదే.

కలకత్తా వెళ్లునప్పుడు కాళీఘాటు, దక్షిణేశ్వరములతోపాటు బంకించంద్ర ఛటర్జీ వీధిలోని ఈ విహారమునకు కూడ ఒక పూట కేటాయింపుడు. అంతకుముందే, తెనాలి–రేపల్లె రైలు మార్గంలో భట్టిప్రోలు స్టేషనులో దిగి ఆ స్తూపమును ఒకమారు చుట్టి రండు.