నలభై శాతం వాన

క్రాంజీ స్టేషను బయట బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది. ఫోను తీసి రాబోయే రెండు గంటల వాతావరణం చూడటం. సింగపూరు వాతావరణ శాఖవాళ్ళు ఈ చిన్న దేశాన్ని 47 ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ విడిగా చెప్తారు. ఉడ్‌లాండ్స్‌లో ఉరుములతో వాన, ఈషున్‌లో మబ్బు, లిమ్ చు కాంగ్‌లో జల్లులు.. ఇలా. ఆ 47లో పులావ్ ఉబిన్ అనే బుల్లి దీవి ఉంది, మనుషులుండని రిజర్వాయరు అడవి ఉంది, క్రాంజీ మాత్రం లేదు. క్లయింటు పని మీద వారానికి మూడు రోజులు ఇక్కడికొచ్చే నేను పక్కనున్న సుంగై కదుట్ పేరు చూసి సరిపెట్టుకుంటాను. తమాషా ఏమిటంటే వాన కొలిచే పరికరం మాత్రం క్రాంజీ వేలో ఒకటుంది. కొలతకి పనికొచ్చాం గానీ పేరుకి పనికిరాలేదన్నమాట!

మా ఊరి సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మాది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లె. ఫోనులో కొడితే పేరు టక్కున వస్తుంది. దాని కింద గంటగంటకీ డిగ్రీలు, శాతాలు, చిన్న చిన్న మబ్బు బొమ్మలు. కొలిచే గొట్టం మాత్రం ఊళ్ళో ఒక్కటీ లేదు.

ఈ రెండిటికీ తేడా నాకు 2023 డిసెంబరు దాకా తట్టలేదు. తట్టేసరికి మా రెండెకరాల వరి తడిసిపోయింది. అది చెప్పే ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

2010లో ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్ళినప్పుడు మేం అయిదుగురం ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. మాకంటే ముందున్నవాళ్ళు వదిలేసిపోయిన టీవీలో రోజంతా వెదర్ ఛానెల్ నడుస్తూ ఉండేది. ఇరవై నాలుగ్గంటలూ వాతావరణమే చెప్పే ఛానెలేమిటని మొదట్లో నవ్వుకున్నాం. మొదటి మంచు కురిశాక నవ్వు ఆగిపోయింది. గంటలో ఎనిమిదో నిమిషం, పద్ధెనిమిదో నిమిషం, ఇరవై ఎనిమిదో నిమిషం.. అలా పది నిమిషాలకోసారి దేశం సంగతి పక్కనపెట్టి మా ఊరి సంగతి చెప్పేది. వెనకాల మెత్తని సంగీతం. ఛానెలేమో అట్లాంటాలో ఉంది, మా ఊరి చలి సంగతి దానికెలా తెలుసు? కంప్యూటర్ సైన్సు చదివేవాడికి ఇలాంటి ప్రశ్న వస్తే హోంవర్కు మూల పడుతుంది.

ఆ ఛానెల్ 1982 మే 2న మొదలైంది. ఆలోచన టీవీలో వాతావరణం చెప్పే జాన్ కోల్‌మన్‌ది, డబ్బు ఫ్రాంక్ బాటన్ అనే పత్రికల యజమానిది. శాటిలైటు నుంచి దేశమంతటికీ దిగేది ఒకటే సిగ్నలు. కిటుకంతా కేబుల్ ఆపరేటరు గదిలో పెట్టిన వెదర్‌స్టార్ అనే పెట్టెలో ఉంది. టీవీ బొమ్మకీ బొమ్మకీ మధ్య తెర మీద కనపడని కొన్ని గీతలుంటాయి కదా, వాటిలో అన్ని ఊళ్ళ లెక్కలూ దూర్చి పంపేవాళ్ళు. ప్రతి పెట్టెకీ ఒక చిరునామా. పెట్టె తన చిరునామా ఉన్న ముక్కని పట్టుకుని, మిగతావన్నీ వదిలేసి, ఆ ఊరి అక్షరాలు తెరమీద వేసేది. ఇంటర్నెట్టు ఇళ్ళకి రాకముందు మాట ఇది. లెక్కలకి మూలం వాళ్ళ ప్రభుత్వ వాతావరణ శాఖే అనుకోండి.

ఈ సంబరమంతా ఆ ఆదివారం ఫోనులో నాన్నకి చెప్పాను. "మన దగ్గరా ఉండేదిగా అట్టాంటిది. ఎమ్మార్వో ఆఫీసులో సైరన్ పెట్టె" అన్నాడు. సైరన్ వేరు, ఇది వేరు అని కొట్టిపారేశాను. తర్వాత చదివితే, వేరు కాదు. అచ్చంగా అదే.

1977 నవంబరు 19 నాటికి నాన్నకి పదిహేనేళ్ళు. హైదరాబాదులో దూరదర్శన్ ఆ అక్టోబరులోనే మొదలైంది, ఇంకా నెల తిరగలేదు. అది దివిసీమ దాకా ఎక్కడొస్తుంది? ఉన్నది రేడియో. నాన్న చెప్పేదాని ప్రకారం తుఫాను మాట రేడియోలో వచ్చింది. పొడుగాటి తీరం మాట వచ్చింది, మా ఊరి మాట రాలేదు. బందరు రేవులో ఎన్నో నంబరు ఎగరేశారో అడిగి తెలుసుకుని, దాన్నిబట్టి ఎవరికి తోచింది వాళ్ళు అనుకునేవాళ్ళట. రేవుల్లో ఆ ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పది అంటే తుఫాను ఈ రేవు మీదుగానో, పక్కనుంచో దాటుతుందని. పదకొండు అంటే ఇక వార్తలు తెలిసే దారే తెగిపోయిందని. కానీ అవి ఓడలకి చెప్పే మాటలు. చేలో ఉన్నవాడికి ఎటు పరిగెత్తాలో ఏ నంబరూ చెప్పదు. ఆ రాత్రి సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళ మీదకొచ్చింది. చనిపోయినవాళ్ళు అధికారిక లెక్కలోనే పదివేలకి దగ్గర. మా తాతయ్య చెల్లెలిది సొర్లగొంది వైపు. ఆవిడ, భర్త, ముగ్గురు పిల్లలు. మా ఇంట్లో ఆ లెక్క ఒక్కటే చెప్తారు, అయిదు.

ఆ ఉప్పెనకి పేరు కూడా లేదు. మన సముద్రంలో తుఫాన్లకి పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. అందుకే దాన్ని ఇప్పటికీ ఊరి పేరుతోనే పిలుస్తాం, దివిసీమ ఉప్పెన అని.

ఇన్సాట్-1బి 1983లో పైకెళ్ళింది. దాన్ని వాడుకుని మన వాతావరణ శాఖ, ఇస్రో కలిసి ఆంధ్ర, తమిళనాడు తీరాల్లోని ఆఫీసుల్లో పెట్టెలు పెట్టారు. చెన్నై కేంద్రంలో కూర్చున్న మనిషి ప్రమాదం ఏ జిల్లాకో చూసి, ఆ కోడు కొట్టి సందేశం పైకి పంపుతాడు. సిగ్నలు తీరమంతా దిగుతుంది గానీ ఆ కోడున్న పెట్టెలే మేలుకుంటాయి. ముందు సైరన్, తర్వాత మన భాషలో మాట. అదే శాటిలైటు, అదే చిరునామా, ఇంచుమించు అవే సంవత్సరాలు. వాళ్ళ పెట్టె రేపు గొడుగు కావాలో వద్దో చెప్పేది, మన పెట్టె ఇల్లు వదలమని చెప్పేది. నాకు ఎమ్మెస్‌లో ఎవరూ ఈ రెండోదాని గురించి చెప్పలేదు, ఇంజనీరింగులోనూ చెప్పలేదు. చెప్పిన ఒక్క మనిషినీ నేను కొట్టిపారేశాను.

1990 మేలో మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుఫాను దాటింది. ఈసారి పోయినవాళ్ళు 967 మంది. అంతా పెట్టె పుణ్యమే అనను. షెల్టర్లున్నాయి, లారీలొచ్చాయి, అన్నిటికంటే ఉప్పెనని కళ్ళారా చూసినవాళ్ళున్నారు. 1996 నవంబరులో కోనసీమలో మళ్ళీ వెయ్యి మందికి పైగా పోయారు కాబట్టి గొప్పలు చెప్పుకోవడానికీ లేదు.

టీవీ సంగతి మీకు తెలిసిందే. దూరదర్శన్ వార్తల చివర ఇన్సాట్ పంపిన తెల్లటి మరకల బొమ్మ, "కోస్తాలో అక్కడక్కడా" అనే మాట. 1995లో ఈటీవీ వచ్చింది, 2004లో టీవీ9. ఆ తర్వాత తుఫానంటే ఎర్రటి సుడి గిర్రున తిరగడం, గొడుగు తిరగబడ్డ రిపోర్టరు మోకాటి లోతు నీళ్ళలో అరవడం. ఎగతాళి చెయ్యడం తేలికే గానీ ఆ అరుపులకి జనం కదిలేవాళ్ళు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు అమెరికాలో, సింగపూరులో ఉన్నవాళ్ళందరం లైవులో చూశాం. కరెంటు పోయి చూడలేకపోయింది విశాఖవాళ్ళే. అంతకు ముందేడు నవంబరులో లెహర్ వచ్చింది. సముద్రంలో భీకరంగా ఉన్నదల్లా బందరు చేరేసరికి వాయుగుండంగా నీరసించిపోయింది. "వచ్చిందా మీ లెహరు?" అని నాన్న నన్ను ఎన్నాళ్ళు ఏడిపించాడో! నేనే పంపిస్తానన్నట్టు.

ఇప్పుడు 2023. డిసెంబరు 2, శనివారం రాత్రి. రెండెకరాలు కోసి ఉన్నాయి, ఇంకా పనల మీదే ఉంది. మిచాంగ్ వస్తోందని తెలుసు. కూలీలు ఆదివారం వస్తే రేటు ఎక్కువ, సోమవారమైతే మామూలు.

"ఎప్పుడు మొదలవుద్దిరా?" అన్నాడు నాన్న.

యాప్ తెరిచాను. పైన మా ఊరి పేరు. ఆదివారం నలభై శాతం, అసలు వాన సోమవారం మధ్యాహ్నం నుంచి.

"నలభై శాతం నాన్నా, రేపు."

"నలభై అంటే కుప్ప వెయ్యాలా, వద్దా?"

సోమవారం పొద్దున్నే వేయించు చాలు, అన్నాను. టీవీలో రెండు రోజుల ముందు నుంచీ కోసినవి భద్రం చేసుకోమని చెప్తూనే ఉన్నారు. మా పక్క చేనాయన అది విని ఆదివారమే కుప్ప వేసి బరకం కప్పేశాడు. నాన్న నా మాట విన్నాడు, చదువుకున్నవాణ్ణి కదా. వాన ఆదివారం రాత్రే పట్టుకుంది. మంగళవారం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేసరికి మా పనలు నీళ్ళలో తేలుతున్నాయి. వారానికి మొలకలొచ్చాయి.

తర్వాత కూర్చుని చదివాను, ఆలస్యంగా. ప్రపంచమంతటికీ లెక్కగట్టే అమెరికా మోడలు గళ్ళు సుమారు 13 కిలోమీటర్లవి, యూరపుది 9. చాలా యాప్‌లు అలాంటి గళ్ళ మధ్య అంకెల్ని సర్ది, మన ఫోను ఎక్కడుందో చూసి పైన ఊరి పేరు అతికిస్తాయి. మా ఊరి పేరు రాసినవాడెవడూ మా ఊరి వైపు చూడలేదు. చెన్నై మనిషి కృష్ణా జిల్లా కోడు కొట్టినప్పుడు మాత్రం, తప్పో ఒప్పో, కృష్ణా జిల్లాని తల్చుకునే కొట్టాడు. వెదర్ ఛానెల్‌దీ చివరికి ఇదే దారి అయింది. జనం ఎనిమిదో నిమిషం దాకా ఆగడం మానేసి ఫోను చూసుకోవడం మొదలెట్టారు. 2016లో వెబ్‌సైటూ యాప్‌లూ ఐబీఎమ్ చేతికి పోయాయి, 2018లో మిగిలిన టీవీ ఛానెల్ని బైరన్ అలెన్ కొనుక్కున్నాడు. పాత పెట్టె వేసే అక్షరాలూ ఆ సంగీతమూ మళ్ళీ చూసుకోవడానికి అభిమానులు నకలు ప్రోగ్రాములు రాసుకున్నారు. నేనూ ఒకటి నడిపి చూశాను. బావుంది.

ఇప్పుడు మన విపత్తుల సంస్థవాళ్ళు పిడుగులకీ వానలకీ మండలాల పేర్లతోనే హెచ్చరికలిస్తున్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది. ముందు రోజు ఆ హెచ్చరిక నాన్నకి పంపాను, నా వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా కలపకుండా.

"ఇది ఎవరు చెప్పారు?" అన్నాడు.

చెప్పాను.

"నువ్వు కాదుగా" అని నవ్వి, బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించేశానన్నాడు. ఆ సైరన్ పెట్టె ఇంకా ఉందా అని అడిగాను. పాస్‌బుక్కు పని మీద ఆఫీసుకి వెళ్ళాలి, అప్పుడు చూసొచ్చి చెప్తానన్నాడు. ఇంకా వెళ్ళలేదు.