అలంపురపు రాళ్లు

రాయి కదలనిదని మన మందుము. కాని యిసుకరాయి యొకప్పుడు ప్రవహించినదే. నీరు మోసికొనివచ్చిన యిసుక పొరలుగాఁ బేరుకొని, పైబరువుచే నొత్తుకొని, సున్నము, సిలికా, ఇనుపతుప్పులచే నతుకుకొని రాయి యగును. వనపర్తి నేలలోని గ్రానైటు భూగర్భపు వేఁడిమిలోఁ బుట్టినది. నాగర్‌కర్నూలు నల్లమలలోని క్వార్ట్‌జైటు మిక్కిలి గట్టిపడిన యిసుకరాయి. సున్నపు టూటలు పేర్చిన ట్రావర్టైను రోమునందలి కొలోసియమునకుఁ బ్రధానశిల.

గద్వాల సీమయందలి అలంపురమున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దములలో నెఱ్ఱని యిసుకరాతితో నవబ్రహ్మాలయములను గట్టించిరి. గింజ సమముగా నున్నచో నీరాయి యులికి చక్కఁగా లొంగును.

నీరు రాతిని జేయును; నీరే ముంచును. తుంగభద్రాకృష్ణల సంగమమందలి కూడవెల్లి సంగమేశ్వరాలయము శ్రీశైల జలాశయమున మునుఁగనుండఁగా, 20వ శతాబ్దపు చివరి పాదమున దానిని రాయిరాయిగా విప్పి అలంపురమున మరలఁ గూర్చిరి. ఆ నేర్పు కొనియాడఁదగినది.

అయితే యా నీటనే పెక్కు గ్రామములు మునిఁగెను. చెదరిన యా కుటుంబములు గుడివలె మరల నొక్కచోటఁ గూర్పఁబడలేదు. అలంపురము చూడఁబోవువారు బిడ్డలకు శిల్పముతోపాటు ఈ సంగతియుఁ జెప్పవలెనని మా కోరిక. రాతిపైఁ జూపిన శ్రద్ధ మనుష్యునిపైఁ జూపనినాఁడు మన నాగరకత సగమే.