మోటారుకారులో ఎర్ర దీపం

1912 నాటి కాడిలాక్ కార్లకు అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును అమర్చారు. అంతకుముందు హాండిలు తిప్పి ఇంజనును కదిలించవలసి వచ్చేది. అది వెనక్కు తన్ని మణికట్లు విరగడమూ కద్దు. ఆ బాధ తీరింది గాని, స్టార్టరు వాడుకున్న విద్యుత్తును బ్యాటరీలో మళ్ళీ నింపే పని డైనమోపై పడింది.

ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో చాలినంత ఓల్టేజి ఇవ్వలేదు. అప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనక్కు పారకుండా కటౌటు సంబంధాన్ని తెంచుతుంది. డ్రైవరు ఎదుట ఉండే ఎర్ర దీపానికి ఒక తీగ డైనమో నుండి, రెండవది బ్యాటరీ నుండి వస్తుంది. రెండువైపులా ఓల్టేజి సమానమైతే దీపం ఆరిపోతుంది. కనుక బండి నిలిచి ఉన్నప్పుడు అది మినుకుమన్నంత మాత్రాన డైనమో చెడిందనుకోరాదు. వేగం హెచ్చించినా ఆరకపోతే బెల్టునూ, కార్బన్ బ్రష్షులనూ చూడాలి.

1960లో క్రైస్లర్ సంస్థ వేలియంట్ కారులో ఆల్టర్నేటరును ప్రవేశపెట్టింది. ఇది పుట్టించే ఏకాంతర విద్యుత్తును సిలికాన్ డయోడులు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. ఇంజను మెల్లగా తిరిగినా ప్రవాహం లభిస్తుంది. చిత్రమేమంటే, చాలా ఆల్టర్నేటర్లలో ఎర్ర దీపం గుండా పోయే ప్రవాహమే తిరిగే తీగచుట్టకు తొలి అయస్కాంతత్వం కలిగిస్తుంది. తాళం తిప్పగానే దీపం అసలు వెలగకపోతే, బల్బు మాడిపోయినందువల్లనే ఛార్జింగు ఆగి ఉండవచ్చు!

డైనమో కాలపు మెకానిక్కులు కొందరు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి పరీక్షించేవారు. ఆల్టర్నేటరు ఉన్న బండిలో ఆ పని చేస్తే ఓల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడులు కాలిపోగలవు. ఓల్టుమీటరు చాలు: ఇంజను నడిచేటప్పుడు 12 ఓల్టుల బ్యాటరీ కొనల మధ్య అది సుమారు 14 ఓల్టులు చూపాలి.