ఖాళీ తక్కెడ ఎత్తి చూపించు

మా చిన్నతనంలో కొండాపురం వీధుల్లోకి చింతపండు గంప నెత్తిన పెట్టుకొని ఒకావిడ వచ్చేది. ఆమె గొంతు వినపడగానే మా అమ్మ చేతిలో పని వదిలేసి అరుగు మీదికొచ్చేది. బేరం సంగతి తర్వాత. "ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమ్మా!" అనేది. ఒక పళ్ళెం కిందికి వాలిందనుకోండి, పైకి లేచిన పళ్ళెంలో చిన్న రాయిముక్క వేయించి, రెండూ సరిసమానంగా నిలిచాకనే తూకం. ఆ రాయిముక్కను పాసంగం అనేవాళ్ళు. రాయి వేస్తే మోసమని ఎవరూ అనుకొనేవాళ్ళు కారు. వాలిన తక్కెడలో రాయి వెయ్యకపోతేనే మోసం!

మొన్న మధ్యాహ్నం ఆ తక్కెడ మళ్ళీ గుర్తొచ్చింది. పక్కింటి పాప డిగ్రీ అయ్యి గ్రూప్ టూ పరీక్షకి చదువుకుంటూ ఉంది. వాళ్ళన్న కూడా అదే పరీక్షకి చదువుతున్నాడు. పుస్తకం చంకన పెట్టుకొని వచ్చి నా పక్కన కూర్చుంది.

"జేజీ, ఒక మాట అడుగుతా. మా అన్న ఒకటే ఎగతాళి. మీ ఆడోళ్ళకేమే, మూడోవంతు ఉద్యోగాలు ఊరికే ఇస్తారు అంటాడు. రేపు నాకు ఉద్యోగం వస్తే అది నా చదువుకి వచ్చినట్టా, కట్టుకున్న చీరకి వచ్చినట్టా?"

పిల్ల నవ్వుతూనే అడిగింది గానీ కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఛ, అదేం మాట!" అని తోసెయ్యబుద్ధి కాలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లోనూ ఒకప్పుడు పెద్ద గాలివాన రేపింది. అది చెప్పేముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

పల్లెల్లో సర్కారు ఉద్యోగమంటే మా పెద్దవాళ్ళకి మొదట గుర్తొచ్చేది మునసబు, కరణం. మునసబు శిస్తు వసూలు చెయ్యాలి, కరణం లెక్కలు రాయాలి. మన నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు కిందే ఉండేది. ఆ మద్రాసులో 1895లో వచ్చిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం, ఈ ఉద్యోగాలు తండ్రి తర్వాత కొడుక్కి, ఆ కుటుంబంలోనే నడవాలి. ఊళ్ళో అంతకంటే చదువుకున్నవాడు ఉన్నా అరుగు మీద కూర్చుని చూడాల్సిందే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ తీరు నడిచింది. గుంటూరు జిల్లాలో పెరవలి గ్రామాన్ని విడదీసి పెరవలిపాలెం అని కొత్త గ్రామం చేశారు. కొత్త ఊరికి మునసబు కావాలి గదా! గాజుల దశరథరామారావుగారనే ఆయన ఆ పదవి కోరారు. పాత మునసబుగారి కొడుకు, వంశం లెక్కన అది తనకే రావాలన్నారు. తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1960 డిసెంబరు 6న తీర్పు వచ్చింది. మునసబు పదవి కూడా ప్రభుత్వోద్యోగమే, ఫలానా వారి కడుపున పుట్టాడని ఒకరికి ఇచ్చి ఇంకొకరిని కాదనడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధం, అని కోర్టు తేల్చింది. అంత చిన్న ఊరి పదవి కోసం అంత పెద్ద కోర్టు కూర్చుందంటే నాకు ఇప్పటికీ ముచ్చటే!

సరే, పుట్టుకని పక్కన పెట్టి పరీక్ష పెడితే చాలునా? చైనావాళ్ళు ఈ సంగతి వెయ్యేళ్ళ కిందటే ఆలోచించారు. సోంగ్ రాజుల కాలంలో కొలువు పరీక్షల జవాబు పత్రాల మీద పేరు కనపడకుండా మూసేసేవాళ్ళు. అంతటితో ఊరుకోలేదు. దస్తూరీ చూసి ఫలానావాడని పోల్చుకుంటారేమోనని, గుమాస్తాల చేత ఆ పత్రాలన్నీ తిరగరాయించి, ఆ నకళ్ళనే దిద్దేవాళ్ళకి ఇచ్చేవాళ్ళు. ఎంత జాగ్రత్త! కానీ ఆ పరీక్షకి ఆడవాళ్ళని కూర్చోనిచ్చేవాళ్ళే కాదు. తూకం చక్కగానే ఉంది, మనం మాత్రం తక్కెడ దాకా పోలేదు.

మన మద్రాసులో 1929లో సర్వీస్ కమిషన్ చట్టం చేశారు. రాష్ట్రాల్లో అటువంటి కమిషన్ రావడం దేశంలో అదే మొదలు. అయితే ఉద్యోగాలన్నీ ఒకటి రెండు కులాలకే పోతున్నాయన్న గొడవ అప్పటికే ఉంది. అందుకని ఏ వర్గానికి ఎన్నెన్ని అని పంచే ఉత్తర్వులు వచ్చాయి. దాని మీద వచ్చిన ఒక కేసు వినండి. 83 జిల్లా మునసబు ఉద్యోగాలు. ఇవి ఊరి మునసబులు కావు, న్యాయస్థానాల్లో తీర్పులు చెప్పేవి. వాటిని హరిజనులకు 19, వెనకబడిన హిందువులకు 10, ముస్లిములకు 5, క్రైస్తవులకు 6, బ్రాహ్మణేతర హిందువులకు 32, బ్రాహ్మణులకు 11 అని పంచారు. బి. వెంకటరమణ అనే అభ్యర్థి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1951 ఏప్రిల్ 9న కోర్టు ఏమన్నదంటే, హరిజనులకు, వెనకబడినవారికి ప్రత్యేకించడం సరే, రాజ్యాంగమే దానికి ఒప్పుకుంది. మిగతా అందరికీ కులం పేర పంపకం పెట్టడం మాత్రం చెల్లదు, అని.

మా అమ్మ భాషలో చెప్పాలంటే, పైకి లేచిన పళ్ళెంలో పాసంగం వెయ్యి, తప్పులేదు. అంతేగాని అసలు తూకమే మానేసి సరుకంతా ఇంటింటికీ పంచిపెట్టకు!

ఇప్పుడు నా కథ. నేను డిగ్రీ పాసై ఒక ఆఫీసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది 1976లో. మా నాయన తోడొచ్చాడు. రాత పరీక్ష బాగానే రాశాను. నాకంటే ముందు లోపలికి వెళ్ళొచ్చిన అబ్బాయిని "ఏమడిగారండీ?" అంటే, జిల్లాలు, నదులు, లెక్కలు అడిగారన్నాడు. గుండె దిటవు చేసుకొని వెళ్ళాను. నన్ను ఒక్క నది పేరూ అడగలేదు. "పెళ్ళెప్పుడు? పెళ్ళయ్యాక మానేస్తావా? మొగుడికి బదిలీ అయితే ఏం చేస్తావు? పిల్లలు పుడితే?" ఇవే ప్రశ్నలు! వాళ్ళు కటువుగా కూడా అడగలేదు, కన్నతండ్రుల్లాగే అడిగారు. ఉద్యోగం రాలేదు. నా చదువులో ఏం తక్కువైందో ఎవరూ చెప్పలేదు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు మా నాయన, "పోనీలే పాపా, ఎట్టైనా పెళ్ళి చెయ్యాల్సినదానివే గదా" అన్నాడు. ఓదార్పే. నాకు మాత్రం ఆ మాట ఇంటర్వ్యూ కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇదేదో మా పల్లెటూరివాళ్ళ ఖర్మ అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొట్టమొదటి మహిళ సి.బి. ముత్తమ్మగారు. ఆ సర్వీసులో ఉన్న ఆడది పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి. సంసారం పనికి అడ్డొస్తుందని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా చెయ్యమనొచ్చు. మగవాళ్ళకి ఆ షరతు లేదు. తనకు రావలసిన పదోన్నతి ఇవ్వలేదని ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కేసు నడుస్తుండగానే పదోన్నతి ఇచ్చేశారు. అయినా 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నియమాల్ని గట్టిగా తప్పుపట్టి, ఆడవాళ్ళని తక్కువ చేసే సర్వీసు నియమాలన్నిటినీ సరిచూసుకోమని ప్రభుత్వానికి చెప్పారు. నన్ను ఇంటర్వ్యూలో నోటితో అడిగిన ప్రశ్నలు అక్కడ ఏకంగా కాగితం మీదికే ఎక్కాయి!

1984 జనవరి మన రాష్ట్రంలో వింత నెల. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 6వ తేదీన ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. ఆ నెలలోనే ప్రభుత్వోద్యోగాల్లో ఆడవాళ్ళ కోసం కొత్త నియమం తెచ్చింది. ఆడా మగా ఇద్దరూ చెయ్యగల ఉద్యోగాల్లో, మిగతావన్నీ సమానంగా ఉంటే, ఆడవాళ్ళకి మొగ్గు చూపాలనీ, నూటికి కనీసం 30 వాళ్ళకి దక్కాలనీ దాని సారం.

ఆ నియమం రెండేళ్ళకి మా గడపే తొక్కింది. 1986లో మా తమ్ముడు ఒక ఉద్యోగానికి పరీక్ష రాశాడు. ఆఖరి ఉద్యోగానికి వాడికీ ఒక అమ్మాయికీ సరిగ్గా ఒకే మార్కులు. ఉద్యోగం ఆ అమ్మాయికి ఇచ్చారు. వాడు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు నా దగ్గరికొచ్చి, "అక్కా, ఆడదానివని నీకు పోయింది. మగాణ్ణని నాకు పోయింది. నీది అన్యాయమైతే నాదీ అన్యాయమే గదా!" అన్నాడు.

నిజం చెప్తున్నా, ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నేను చంకనెత్తుకొని తిప్పిన తమ్ముడు వాడు. ఆ అమ్మాయెవరో నాకు తెలియకపోయినా మనసులో ఆమె మీద కోపమే వచ్చింది.

ఆలోచించగా ఆలోచించగా తేడా తెలిసింది. నన్నడిగిన ప్రశ్నలు ఏ ప్రకటనలోనూ లేవు. గదిలోకి వెళ్ళాక, నన్ను చూశాక పుట్టినవి. వాటికీ నేను చెయ్యబోయే పనికీ సంబంధం లేదు. అవి నా చదువునంతా మింగేశాయి. మా తమ్ముడి విషయంలో నియమం ముందే రాసి ఉంది. వాడి మార్కుల్లో ఒక్కటీ కొయ్యలేదు. తూకం సమానమై ముల్లు నడిమధ్య నిలిస్తే ఎటు మొగ్గాలో మాత్రం చెప్పింది. వాడి బాధ నిజం. కానీ తక్కెడ దొంగది కాదు.

ఆ నియమం మీద కూడా దావా నడిచింది. పి.బి. విజయకుమార్ అనే ఆయన వేసిన కేసులో 1995లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చని రాజ్యాంగం 15వ అధికరణంలోనే ఉందనీ, తరతరాలుగా సంఘంలోనూ సంపాదనలోనూ వెనకబడ్డ స్త్రీలకి ఇటువంటి ఊతం తగునన్నదనీ సారాంశం. మరుసటి ఏడు, 1996లో, మన రాష్ట్రంలో ఆ వాటా మూడోవంతుకు పెరిగింది.

పాపకి ఇదంతా చెప్పి, "ఇంకొకటి విను. మూడోవంతు ఊరికే ఇవ్వరు. 2007లో రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నూరు ఉద్యోగాల్లో 33 ఆడవాళ్ళకనుకో. సొంత మార్కులతోనే 25 మంది వచ్చేశారనుకో, తక్కువపడ్డ ఎనిమిదే కింది వరసలోంచి నింపాలి. 33 మందీ మార్కులతోనే వస్తే పాసంగంతో పనే లేదు" అన్నాను.

"అట్టయితే ఆ రాయి ఎన్నాళ్ళుండాలి జేజీ?" అంది.

"తక్కెడ వాలినన్నాళ్ళు. నువ్వు పొద్దున లేచి ఏం చేశావు?"

"కల్లాపి చల్లా, అంట్లు తోమా, టిఫిను చేశా..."

"మీ అన్న?"

"చదువుకున్నాడు." అనేసి తనే నవ్వింది.

"కోచింగుకి?"

"అన్నని నెల్లూరు పంపించారు. ఒక్క ఆడపిల్లని ఎట్టా పంపిస్తామని నన్ను ఇంట్లోనే చదువుకోమన్నారు."

పరీక్ష హాల్లో ఇద్దరికీ ఒకే ప్రశ్నాపత్రం, ఒకే గడియారం. ఆ హాలు గుమ్మం దాకా ఎవరెంత బరువు మోసుకొచ్చారో ఆ గడియారానికి తెలియదు. ప్రభుత్వం వేసే పాసంగం ఆ చివరి గుమ్మం దగ్గరిది. మొదటి పాసంగం వెయ్యాల్సింది మన వంటింట్లో, మన చేతులతోనే. కొడుకు చేతికి పుస్తకమూ కూతురు చేతికి చీపురూ ఇచ్చే తల్లులం మనమే గదా! నేనూ కొన్నాళ్ళు ఆ తప్పు చేసినదాన్నే.

ఇంతలో గోడ అవతలి నుంచి వాళ్ళమ్మ, "ఏమే, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టు!" అని కేకేసింది. పిల్ల లేవబోయింది. నేను చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి, గోడ మీదుగా గట్టిగానే అన్నాను:

"అమ్మాయ్, ఇది చదువుకుంటా ఉంది. ఈ పూట బియ్యం మీ అబ్బాయిని కడగమను!"

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత చేట తీసిన శబ్దం వినపడింది. తీసింది తల్లో, కొడుకో తెలియలేదు. పాప మాత్రం పుస్తకం తెరిచింది.