తస్వీర్‌కు పర్దా

శాలిబండ గడియాల్ దగ్గర చాయ్ తాగుతుంటే రోజుకో అఫ్వా చెవిన పడుతుంది. రాబోయే ఫోన్‌లో సెన్సర్ ఇంకా పెద్దదట, చీకట్లో కూడా మొహం సాఫ్‌గా పడుతుందట! మా అమ్మీది మాత్రం ఒకటే సవాల్: "బేటా, ఆ తస్వీర్ తీసేదెవరు, చూసేదెవరు?"

ఈ సవాల్ మన షహర్‌లో పాతదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. నిజాం ఆయనకిచ్చిన ఖితాబు 'ముసవ్విర్ జంగ్'. ఆ జమానాలో తస్వీర్ గాజు పలక మీద పడేది. పర్దా పాటించే ఖవాతీన్‌కు అసలు ముష్కిల్ కెమెరా వెనక నిలబడే పరాయి మగాడితోనే. అందుకే దీన్ దయాళ్ 1892లో వాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల తస్వీర్ తీసేది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. అలా భరోసా కుదిరింది.

ఇవాళ షాదీలో తీసిన బేటీ తస్వీర్ ఖాందాన్ గ్రూపులోంచి రెప్పపాటులో ఎవరి ఫోన్‌కో చేరిపోతోంది. దాన్ని ఏ కొత్త లెన్సూ ఆపలేదు. ఫోన్‌కు ఆ గోడలు కట్టుకోవాల్సింది మనమే. పంపే ముందు బేటీ ఇజాజత్ అడగడం మొదటి ఇటుక.