రంగస్థలం మీద చెక్క కత్తి

లిట్టన్ ప్రభువు హయాంలో 1876లో నాటక ప్రదర్శనల చట్టం, 1878లో ఆయుధాల చట్టం వచ్చాయి. మొదటిది నటుడి మాటకు, రెండవది చేతిలోని కత్తికి కళ్లెం వేశాయి. చెక్క కత్తికి మాత్రం లైసెన్సు బెడద లేదు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో సురభి నాటకం పుట్టింది. తరువాత 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రిగారు నాటకంగా రచించారు. పౌరాణికానికి గద, చారిత్రకానికి కత్తి తప్పనిసరి అయ్యాయి.

మా ఉద్యోగుల నాటకాలకు కత్తులు చేసిన వడ్రంగి పనితనం నేను దగ్గరగా చూశాను. పలక మీద ఆకారం గీసి కోసేవాడు. రెండు వైపులా చిత్రిక పట్టి, అంచు మొద్దుగానే ఉంచి, మొన గుండ్రంగా అరగదీసేవాడు. పిడికి గుడ్డ చుట్టి, అలుగుకు వెండి కాగితం అంటించేవాడు. దీపాల వెలుగులో అది ఉక్కులాగే మెరిసేది. బరువైతే, కత్తి ఎత్తి పద్యం అందుకున్న నటుడికి రాగం నిలవదు. మరీ పలచనైతే మొదటి దెబ్బకే విరుగుతుంది. ఆ తూకమే వడ్రంగి విద్య.

కరపత్రంలో హార్మోనిస్టు పేరుండేది, వడ్రంగి పేరుండేది కాదు. మీ ఊళ్లో కత్తులు చేసినవారి పేర్లు తెలిసిన సభ్యులు రాసి పంపండి. గుర్తున్న మనం ఉండగానే ఆ పని జరగాలి.